మాటతీరుకి తొమ్మిది మార్కులు

మిల్లు పేటలో జనం మాట్లాడుకోరు, అరుచుకుంటారు. కోపమొచ్చి కాదు. నిజంగా కోపమొస్తే వాళ్ళు అసలు నోరే విప్పరు. అందుకే ఆ పేటలో ఏ ఇల్లయినా నిశ్శబ్దంగా ఉందంటే లోపల మొగుడూ పెళ్ళాలకి గట్టిగా చెడిందని గ్రహించి పక్కింటివాళ్ళు జాలిపడతారు.

మరి తెల్లారింది మొదలు మగ్గాలు దడదడలాడే చోట బతుకు వెళ్ళదీసేవాళ్ళు ఇంకెలా ఉంటారు? ఆ మోతలో చెవి దగ్గర బాకా ఊదినా వినపడదు. అందుకని మిల్లు మనుషులకి రెండు విద్యలు అబ్బాయి. మిల్లు బయట, సగం పోయిన చెవులకి అందేలా గొంతు చించుకుని మాట్లాడటం ఒకటి. మిల్లు లోపల అసలు గొంతుతో పనే లేకుండా మాట్లాడటం రెండోది. పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేసి, మాటని మొహం మీద పరిచి చూపిస్తారు. ఎక్కడో చివరి మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి ఆ పెదాల కదలిక చూసి గడగడా చదివేస్తుంది. కూర మాడిన సంగతి, అత్తగారు అలిగిన సంగతి, సూపర్‌వైజరు నెత్తిన కొత్తగా వెలిసిన విగ్గు సంగతి, అన్నీ ఆ షెడ్డులో అలా తిరుగుతూనే ఉంటాయి. సూపర్‌వైజరుకి మాత్రం మగ్గాల మోత తప్ప ఇంకేమీ వినపడదు.

మన కథలో పిల్ల అలాంటి కొంపలో పుట్టింది. నాన్న మగ్గాల మేస్త్రీ, మొరాయించిన మగ్గాన్ని దారికి తేవడం ఆయన పని. అమ్మ నేతపని. పుట్టగానే ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకి నర్సు చేతిలో ట్రే జారిపడిందని నాన్న చెప్తాడు. నాన్న చెప్పే మాటల్లో సగం కొట్టేసినా, ట్రేలో ఒకటో రెండో కత్తెరలు పడే ఉంటాయి.

బడిలో వేసిన రోజున పంతులమ్మ ముద్దుగా "నీ పేరేంటమ్మా?" అంది. పిల్ల చెప్పింది. పక్క క్లాసు పంతులుగారు కూడా ఆ పేరు హాజరు పట్టీలో రాసుకోబోయారు. పంతులమ్మ రెండు చెవులూ మూసుకుని, "అబ్బ, ఇది పిల్లా, మైకా!" అంది. అంతే, ఆ పూట నుంచి ఆ పిల్ల మైకు అయిపోయింది. అసలు పేరు రికార్డుల్లో ఎక్కడో పడి ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు, మనమూ పోవద్దు.

మెల్లగా మాట్లాడే పిల్లలకి బుద్ధి ఉంటుందనీ, గట్టిగా మాట్లాడే పిల్లలకి పొగరు ఉంటుందనీ ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. అయినా బళ్ళో అందరికీ తెలిసిపోతుంది. మైకుని చివరి బెంచీలో కూర్చోబెట్టారు, ముందు బెంచీవాళ్ళ చెవులు కాపాడాలి కదా. అక్కడి నుంచి ఆమె ముందున్న స్నేహితురాలికి మిల్లు పద్ధతిలో పెదాలతో లెక్క చెప్పబోయింది. పంతులమ్మ వెనక్కి తిరిగి, సాగిన ఆ మూతిని, ఎగిరిన ఆ కనుబొమల్ని చూసి, "నన్ను వెక్కిరిస్తావా!" అని గుమ్మం బయట నిలబెట్టింది. అరిస్తే అల్లరి, అరవకపోతే వెక్కిరింత. ఇక ఆ పిల్ల ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

దానికి తోడు జుట్టులో దూది. మిల్లు పేటలో గాలిలోనే నూలు పొట్టు ఉంటుంది. అమ్మ పొద్దున్నే దువ్వెన పెట్టి శుభ్రంగా దువ్వేది. కానీ ఆ దువ్వే చేతులకే బోలెడు పొట్టు అంటుకుని ఉండేది. ఏడాది చివర పంతులమ్మ ఇలా రాసి పంపింది: "తెలివైన అమ్మాయే. శుభ్రత, మాటతీరు మెరుగుపడాలి. తను చదువుకోవడంతో పాటు ఇతరులను కూడా చదువుకోనివ్వాలి."

ఓ ఏడాది బడిలో నాటకం వేశారు. మైకుకి రాణి వేషం మీద ప్రాణం. రాణి మాటలే కాదు, మంత్రి మాటలు, భటుల మాటలు కూడా కంఠతా పట్టేసింది. పంతులమ్మ ఆమెని ఎగాదిగా చూసి, "రాణి అంటే సుకుమారంగా ఉండాలమ్మా" అని, ఆ వేషం డాక్టరుగారి అమ్మాయికి ఇచ్చింది. మైకుకి పరదా వెనక ఉరుము ఇచ్చింది. నాటకం రోజున రాణిగారు ఏం సెలవిచ్చారో రెండో వరస దాటి ఎవరికీ వినపడలేదు. అయినా జనమంతా "ఎంత నాజూకు, ఎంత సంస్కారం" అని తెగ మెచ్చుకున్నారు. ఉరుము మాత్రం ఎంత బాగా ఉరిమిందంటే, వెనక వరసల్లో ఇద్దరు గొడుగుల కోసం వెతుక్కున్నారు. బహుమతి రాణికి వచ్చింది.

సరే, చదువు పూర్తయింది. మార్కులు బాగానే వచ్చాయి, పరీక్ష రాయడానికి గొంతు అక్కర్లేదు కాబట్టి. చిక్కంతా ఉద్యోగాల దగ్గర వచ్చిపడింది. మైకు లోపలికి వెళ్ళి "నమస్కారమండీ" అనగానే ఎదుటివాళ్ళు కుర్చీతో సహా వెనక్కి జరిగేవారు. ఒకచోట అద్దాల గదిలో కూర్చున్న ఇద్దరు గుమస్తాలు ఒకరితో ఒకరు, "ఆ అమ్మాయి జుట్టు చూశావా, తెల్లబడిందా, పేలా?" అనుకున్నారు. బయట కూర్చున్న మైకు వాళ్ళ పెదాలు చూసి, "పేలు కాదండీ, నూలు! ఎంత దులిపినా పోదు!" అని జవాబిచ్చింది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. మిల్లులో కంటికి కనిపించిన మాట అందరిదీ. చూసినవాళ్ళు జవాబివ్వకపోతే, "ఏం, అంత గీరా?" అంటారు. గుమస్తాలిద్దరూ తమ గదిలో ఏదో యంత్రం పెట్టారనుకుని బల్ల కింద వెతకడం మొదలెట్టారు. ఆ ఉద్యోగం సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఎక్కడికెళ్ళినా "మేమే కబురు చేస్తాం" అనేవాళ్ళే గానీ ఒక్క కబురూ రాలేదు. చివరికి నాన్న ఒకరోజు కంచం ముందు కూర్చుని, "మిల్లులో ఒక మగ్గం ఖాళీ అవుతోంది. సోమవారం నుంచి రమ్మన్నారు" అన్నాడు. అంటే ఆ వీధి మొత్తానికి తెలిసింది.

అమ్మ గరిటె కింద పెట్టింది. "నా చెవులు ఇచ్చాను, చాలు. దాని చెవులు కూడా మిల్లుకిచ్చే పని లేదు" అంది.

అమ్మకి ఈ మధ్య ఎడమ చెవి పూర్తిగా మొరాయించింది. కుడి చెవిలో ఎప్పుడూ ఈల వేసినట్టు ఉంటుందట. వర్షం పడుతుంటే కిటికీ దగ్గరికొచ్చి చూస్తే గానీ తెలియదు. మిల్లులో చేరిన ప్రతివాళ్ళకీ జరిగేదే ఇది. మైకుకి మిల్లు అంటే చిన్నచూపేమీ లేదు. భయం ఉంది, అంతే. ఆ భయం సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్తే అమ్మానాన్నల చెవుల్ని ఎత్తిచూపినట్టు అవుతుందని.

"బీమా ఆఫీసులో కౌంటరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ శుక్రవారం ఉందిగా, అదొక్కటీ చూద్దాం" అంది అమ్మ. "అది రాకపోతే అప్పుడు నీ ఇష్టం."

అలా ఆ వారమంతా ఇల్లు బడి అయిపోయింది. నాన్న స్టూలు మీద కాలు మీద కాలేసుకుని మేనేజరు అయ్యాడు. అమ్మ పక్కన కూర్చుని తక్కిన అధికారులందరూ అయ్యింది. పెద్ద ఇళ్ళవాళ్ళు మాట్లాడితే నోటి ముందు వెలుగుతున్న కొవ్వొత్తి మంట కూడా కదలదని నాన్న ఎక్కడో విన్నాడు. మిల్లులో ఎవరో అంటే చూసి ఉంటాడు, విని ఉండడు. ఏదైతేనేం, మైకు మూతి ముందు ఓ కొవ్వొత్తి వెలిగించి పెట్టాడు.

"మీ గురించి చెప్పండి!" అని గర్జించాడు మేనేజరు నాన్న.

మైకు మొదలెట్టింది. మొదటి ముక్కకే కొవ్వొత్తి ఆరిపోయింది.

"తగ్గించు!" అని అరిచాడు నాన్న. తగ్గించింది. "ఇంకా తగ్గించు!" ఇంకా తగ్గించింది. "వినపడుతోంది, బ్రహ్మాండంగా వినపడుతోంది, ఇంకొంచెం తగ్గించు!" అంది అమ్మ. మంగళవారానికి మంట వణకడం తగ్గింది. బుధవారానికి మంట నిలబడింది. మైకు మాత్రం పెదాలు ఆడిస్తూ బిత్తరపోయింది. ఆగి, తన మామూలు గొంతుతో, "నాన్నా, ఇది నాకే వినపడట్లేదు!" అంది. కొవ్వొత్తి ఆరిపోయింది.

"నీ గొంతు నీకెందుకు వినపడాలే? ఎదుటివాళ్ళకి వినపడితే చాలదూ? నేను విన్నానా లేదా?" అని నాన్న ఆమె చెప్పిన జవాబంతా అక్షరం పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాడు. అమ్మ కూడా అప్పజెప్పింది. ఇద్దరూ ఒక్క ముక్క వదల్లేదు. ఇక మైకుకి అనుమానం ఎక్కడుంటుంది?

పాపం, ఆ ఇద్దరూ జీవితంలో ఎప్పుడు చెవితో విన్నారో, ఎప్పుడు కంటితో విన్నారో వాళ్ళకే తెలియదు. కూతురి పెదాలు ఆడుతున్నంతసేపూ ఆ గొంతు వాళ్ళకి గంటలా మోగుతూనే ఉంది. మంచి చెవులున్న మనిషి ఒక్కరు ఆ గదిలో ఉంటే అప్పుడే కొంప మునుగుతోందని చెప్పేవారు. ఆ పేటలో అలాంటివాళ్ళు తక్కువ.

శుక్రవారం వచ్చింది. అమ్మ మిల్లు నుంచి తెచ్చి కుట్టించిన తెల్లటి నూలు జత వేసుకుని, జుట్టు మూడుసార్లు దువ్వించుకుని మైకు బీమా ఆఫీసుకి వెళ్ళింది. పొద్దుటి షిఫ్టు దిగి అమ్మ తిన్నగా అక్కడికే వచ్చింది, ఒంటి మీది దూదితో సహా. గేటు దగ్గర ఉంటానంది గానీ ఎండ మాడ్చేస్తుంటే కాపలా మనిషి జాలిపడి లోపల హాల్లో ఓ మూల బెంచీ చూపించాడు. హాలు చుట్టూ కౌంటర్లు, మధ్యలో పెద్ద అద్దాల గది. అందులోనే ఇంటర్వ్యూలు. మాట బయటికి రాదు గానీ మనుషులు చేపల తొట్టిలోలాగా కనపడుతుంటారు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్ద మేనేజరు, చెవుల మీదికి జుట్టు పెంచుకున్న పెద్దాయన. ఆ జుట్టు సోకు కోసం కాదని, దాని కింద వినికిడి యంత్రం దాక్కుని ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిస్తే ముసలాడైపోయాడని ఇంటికి పంపేస్తారని ఆయన బెంగ. కుడివైపు బంగారు కళ్ళద్దాల మేడం, ఉద్యోగుల ఎంపికంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. ఎడమవైపు టై కట్టుకున్న చిన్న ఆఫీసరు. పై ఇద్దరికీ ఏది నచ్చితే తనకీ అదే నచ్చుతుంది.

"మీ గురించి చెప్పండి" అన్నాడు పెద్దాయన.

మైకు హాలుకి వీపు పెట్టి నిటారుగా కూర్చుంది. ఎదురుగా కొవ్వొత్తి ఉన్నట్టు ఊహించుకుంది. చిరునవ్వుతో, చక్కటి పెదాల కదలికతో, చదువు గురించి, మార్కుల గురించి, లెక్కలంటే ఇష్టం గురించి వివరంగా చెప్పింది. గదిలో ఏసీ గుర్రుమనడం తప్ప మరో చప్పుడు లేదు.

పెద్దాయన ముందుకు వంగాడు. యంత్రం బ్యాటరీ అయిపోయిందనుకున్నాడు. చెవి గోక్కున్నట్టు నటిస్తూ మీట తిప్పాడు. ఏసీ ఇంకా పెద్దగా గుర్రుమంది, అమ్మాయి గొంతు మాత్రం రాలేదు. ఇప్పుడు "వినపడలేదు" అంటే పరువుపోతుంది. అందుకని గంభీరంగా తల ఊపాడు.

మేడంకి కూడా ఏమీ వినపడలేదు. కానీ పెద్దాయన తల ఊపుతున్నాడు, అంటే ఆయనకి వినపడింది. ఆయనకి వినపడి తనకి వినపడలేదంటే లోపం తన దగ్గరే ఉండాలి. ఆవిడ ఆయన కంటే రెండు పాళ్ళు ఎక్కువ తల ఊపింది. టై ఆఫీసరు ఇద్దర్నీ చూసి ఏకంగా "చాలా బాగా చెప్పారు" అన్నాడు.

మైకుకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరూ కుర్చీ వెనక్కి జరపకుండా ఆమె మాట వినడం ఇదే మొదలు. కోపంగా వచ్చిన పాలసీదారుడితో ఎలా మాట్లాడతారని మేడం అడిగింది. ఎలా మాట్లాడుతుందో చెప్పింది. ఈ ఉద్యోగమే ఎందుకు కావాలని పెద్దాయన అడిగాడు. అదీ చెప్పింది, మనసులో ఉన్నదంతా. చెప్తుంటే కళ్ళు చెమర్చాయి కూడా. ముగ్గురూ ఆ కళ్ళు చూసి, ఏదో గొప్ప మాటే అయ్యుంటుందని తలలు ఊపారు.

"బయట కాసేపు కూర్చోమ్మా" అన్నాడు పెద్దాయన.

మైకు హాల్లోకి వచ్చి అద్దాల గదికి ఎదురుగా కూర్చుంది. ఆ మూల బెంచీ మీద నుంచి అమ్మ కనుబొమలు ఎగరేసి, పెదాలతో "ఏమైంది?" అంది. "అందరూ విన్నారమ్మా!" అంది మైకు, అలాగే పెదాలతో. తల్లీకూతుళ్ళిద్దరూ అద్దాల వైపు తిరిగి లోపలి పెదాల మీద కళ్ళు పెట్టారు. దొంగతనంగా వినాలని కాదు. కనిపిస్తోంది, చూశారు.

లోపల మేడం అంటోంది: "పెంపకం అంటే అదీ సార్. ఎంత మెత్తటి గొంతు! ఈ రోజుల్లో అమ్మాయిలు కేకలేస్తారు గానీ మాట్లాడతారా? మాటతీరుకి నేను తొమ్మిది వేశాను."

"నేనూ తొమ్మిదే" అన్నాడు టై ఆఫీసరు.

హాలు అవతల అమ్మ మొహం వెలిగిపోయింది. "తొమ్మిదట!" అని వేళ్ళు కూడా చూపించింది.

"కానీ అడ్రసు మిల్లు పేట అని ఉంది మేడం" అన్నాడు టై ఆఫీసరు కాగితం చూసి.

"మిల్లు ఓనరుగారి అమ్మాయి అయ్యుంటుంది" అంది మేడం. "ఆ గుడ్డ చూడలేదా? ఎంత నాణ్యమైన నేత! పేటలోవాళ్ళు ఇలా ఉంటారా, అలా ఉంటారు" అని అద్దంలోంచి వేలు చూపించింది. వేలు తిన్నగా అమ్మ మీద ఉంది. "చూడండి, ఒంటినిండా దూది వేసుకుని బెంచీ మీద ఎలా కూర్చుందో. ఆవిడని లోపలికి ఎవరు రానిచ్చారు? వచ్చేపోయేవాళ్ళు చూస్తే ఆఫీసు అనుకుంటారా, సత్రం అనుకుంటారా? గేటు బయటికి పంపించెయ్యండి."

ఆ గుడ్డ నేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అమ్మ ఆ మాటలన్నీ చదివింది. ఒక్కటీ వదల్లేదు. లేచి నిలబడి భుజాల మీది పొట్టు దులుపుకోబోయి, కింద పడుతుందేమోనని మళ్ళీ ఆగిపోయింది. కూతురి వైపు చూసి పెదాలతో అంది: "నేను గేటు బయట ఉంటా. నువ్వు నన్ను ఎరగనట్టు ఉండు. గొంతు ఎత్తకు తల్లీ. తొమ్మిది వేశారు, పాడు చేసుకోకు."

టై ఆఫీసరు తలుపు తీసుకుని బయటికొచ్చి అమ్మ వైపు నడుస్తున్నాడు. మైకు అది చూసింది. నోరు మూసుకుని కూర్చుంటే ఉద్యోగం చేతికొస్తుంది, చెవులు దక్కుతాయి. అన్నీ తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కినప్పుడు తెలిసినవన్నీ ఎక్కడికి పోతాయో గానీ, ఒక్కటీ అడ్డురాలేదు.

"అమ్మా! నువ్వు కూర్చో!"

బల్ల మీది గాజు గ్లాసు ఖణేల్మంది. వరసలో నిలబడ్డ పాలసీదారులు కూర్చునే చోటు లేకపోయినా కూర్చోబోయారు. టై ఆఫీసరు ఉన్నచోటే కొయ్యబారిపోయాడు.

"ఆవిడ మా అమ్మండీ! మా నాన్న ఓనరు కాదు, మగ్గాల మేస్త్రీ! మీరు మెచ్చుకున్న ఈ గుడ్డ నేసింది ఆవిడే! ఆవిడ గేటు బయటికెళ్తే నేనూ వెళ్తాను!"

అమ్మ నెత్తి కొట్టుకుంది. "అయిపోయింది! అంతా అయిపోయింది!" అని ఆవిడ కూడా గొంతెత్తేసింది, ఇక దాచి లాభం లేదని.

అద్దాల గదిలో పెద్దాయన మాత్రం కుర్చీలోంచి గబుక్కున లేచాడు. ఆయన మొహంలో కోపం లేదు, పండగ ఉంది. తలుపు తోసుకుని వచ్చి, "వినపడింది!" అన్నాడు. "ప్రతి ముక్కా వినపడింది! బ్యాటరీ బాగానే ఉంది!" అని, అన్న తరవాత నాలిక కరుచుకున్నాడు. ఇక చేసేదేముంది? జుట్టు పక్కకి తోసి, చెవి మీది ఆ చిన్న యంత్రాన్ని తన వెనకే వచ్చిన మేడంకి చూపించాడు. "ఇందాక ఈ అమ్మాయి చెప్పింది నాకు ఒక్క ముక్క వినపడలేదమ్మా. ఇది చెడిపోయిందేమోనని తల ఊపాను. ఏం చెప్పిందో మీరు చెప్పండి."

మేడం నీళ్ళు నమిలింది. "అదే సార్... తన గురించి... చాలా సంస్కారంగా..."

"సంస్కారంగా ఏమంది?"

మేడం టై ఆఫీసరు వైపు చూసింది. ఆయన తన టై వైపు చూసుకున్నాడు.

"మీకు వినపడిందనుకున్నాం సార్" అన్నాడు చివరికి.

పెద్దాయన గదిలోకి వెళ్ళి ముగ్గురి మార్కుల కాగితాలూ తిరగేశాడు. తనది కూడా తొమ్మిదే. ఆ వయసులో అంత సిగ్గుపడ్డ మనిషిని మైకు ఎప్పుడూ చూడలేదు. "రామ్మా, మళ్ళీ అడుగుతాను" అని ఆమెని లోపలికి పిలిచి, తలుపు వెయ్యడం మర్చిపోయి, మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ మొదలెట్టాడు. మైకు ఈసారి ఏ కొవ్వొత్తినీ ఊహించుకోలేదు. ఎలాగూ పోయిన ఉద్యోగమే కదా అని ఉన్న గొంతుతో చెప్పింది. కౌంటర్ల దగ్గర పని ఆగిపోయింది. కోపంగా వచ్చిన పాలసీదారుడితో ఎలా మాట్లాడాలో ఆమె చెప్తుంటే, హాల్లో ఉన్న కోపంగా వచ్చిన పాలసీదారులు "అదీ అలా చెప్పాలి!" అన్నారు.

"ఈ ఉద్యోగమే ఎందుకు కావాలి?"

మైకు అదే గొంతుతో చెప్పింది. "ఇది రాకపోతే సోమవారం నేను మిల్లులో చేరాలండీ. చేరితే మా అమ్మకి పోయినట్టే నాకూ చెవులు పోతాయి. మా అమ్మకి ఇప్పుడు వాన చప్పుడు వినపడదు. నాకు భయమండీ. నాకు వినాలని ఉంది."

ఈ మాట హాలంతా వినపడింది. అమ్మ ఆ మూల బెంచీ మీద నుంచి, ఈసారి తలుపు వైపు తిరిగి కూర్చున్న కూతురి పెదాలు చూస్తూ ఉండిపోయింది. పిల్లకి ఈ భయం ఉందని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

పెద్దాయన చెవి మీది యంత్రాన్ని ఓసారి వేలితో తడుముకున్నాడు. ఈసారి జుట్టు దాని మీదికి దువ్వుకోలేదు. "ఆర్డరు టైపు చేయించండి" అన్నాడు.

"సార్, కౌంటర్లో ఈ గొంతా?" అంది మేడం.

"తగ్గించుకుంటుంది లెండి. ఎంత తగ్గించగలదో ఇందాక చూశాం కదా. కాదంటారా, అయితే ఆ తొమ్మిదులు కొట్టేసి పై ఆఫీసుకి కారణం రాసి పంపండి. ఏమని రాస్తారో నాకు కూడా చూపించండి."

మేడం ఆ తొమ్మిదుల జోలికి పోలేదు. ఆర్డరు కోసం పెద్దాయనా, టై ఆఫీసరూ పక్క గదిలోకి వెళ్ళారు. అమ్మ మెల్లగా అద్దాల గదిలోకి వచ్చింది. మేడం ఇబ్బందిగా కుర్చీ చూపించింది. అమ్మ కూర్చోలేదు. ఆఫీసు కదా, పెద్దవాళ్ళు కదా, కూతురికి వారం రోజులు నేర్పిన మర్యాద తను తప్పకూడదు కదా. చేతులు కట్టుకుని, మంట కదలని ఆ గొంతుతో, అంటే అసలు గొంతే లేకుండా, మేడంతో ఇలా అంది:

"అమ్మా, ఇందాక మీరు నన్ను బయటికి పంపెయ్యమన్నది చూశాను. నా సంగతి పోనివ్వండి, నేను అలవాటు పడ్డాను. నా పిల్లని మాత్రం ఎప్పుడూ అలా అనకండి. అది అరుస్తుంది గానీ మనసు మెత్తన. బాధ కలిగితే లోపల దాచుకుంటుంది, నాక్కూడా చెప్పదు. అంతే నేను అడిగేది."

మేడంకి ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. 'వినపడలేదు, మళ్ళీ చెప్పండి' అనడానికి ఈ పూట ఆవిడకి మొహం చెల్లలేదు. అందుకని కళ్ళద్దాలు సర్దుకుని, నవ్వు తెచ్చుకుని, "తప్పకుండానండీ, తప్పకుండా" అని తల ఊపింది.

మైకు పక్కనే నిలబడి అంతా చూసింది. నోరు తెరవబోయింది. అమ్మ మొహంలో ఆ తృప్తి చూసి మళ్ళీ మూసేసింది. ఆర్డరు చేతికొచ్చాక మేడంకి కూడా ఓ నమస్కారం పెట్టి, అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి నడిచింది.

గేటు దాటాక అమ్మ భుజాల మీది పొట్టంతా హాయిగా దులుపుకుంది. "నేను ఊరికే అపార్థం చేసుకున్నానే, ఆవిడ మంచి మనిషే!" అంది, వీధి వీధంతా తిరిగి చూసేలా. "అన్నీ చెప్పాను, అన్నిటికీ తప్పకుండా అంది. చూశావా, నెమ్మదిగా చెప్తే ఎవరైనా వింటారు!"